ఆగిన బండికి కూలి ఎవరిస్తారు? ట్రైలర్ డ్రైవర్ల వేతన బేరంలో అసలు లెక్క

ఇనుప కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు, బిల్లెట్లు, గ్రానైట్ దిమ్మెలు, కర్మాగారాలకు వెళ్లే భారీ యంత్రాలు మూత ఉన్న కంటెయినర్‌లోకి ఎక్కవు. క్రేన్‌తో పైనుంచి దించి, గొలుసులతో బిగించి, అవసరమైతే టార్పాలిన్ పట్టా కప్పి తీసుకెళ్లాలి. అందుకు వాడే, పక్క గోడలు లేని బండే ఫ్లాట్‌బెడ్ ట్రైలర్. ఒకప్పుడు ఇది నాలుగైదు బండ్లున్న యజమాని వ్యాపారం. గత పదేళ్లలో వెంచర్ క్యాపిటల్, ప్రైవేటు ఈక్విటీ సొమ్ము లారీ రవాణాలోకి వచ్చాక పరిస్థితి మారింది. పెట్టుబడిదారుల డబ్బుతో నడిచే సంస్థ ట్రైలర్లు కొనో, అద్దెకు తీసుకునో డ్రైవర్లను పెట్టుకుంటోంది. యజమానితో ముఖాముఖి మాట్లాడుకునే డ్రైవర్ ఇప్పుడు ఆపరేషన్స్ మేనేజర్‌తో, ఒక యాప్‌తో, ఎప్పుడూ కనిపించని బోర్డుతో బేరమాడాలి.

ఆ బేరం దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: కిలోమీటరుకు ఎంత? డ్రైవర్ నెల సంపాదనను తేల్చేది మాత్రం ఎక్కువగా మరో ప్రశ్న. బండి ఆగితే ఎంత?

జీతం, బత్తా, డీజిల్

మన దేశంలో లారీ డ్రైవర్ ఆదాయం ఒక్క మొత్తంగా రాదు. నెల జీతం కొంత, దారి ఖర్చులకు బత్తా కొంత, ట్రిప్పుకో కిలోమీటరుకో ప్రోత్సాహకం కొంత. వీటితో పాటు డీజిల్ లెక్క ఒకటుంటుంది. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని యజమాని ముందే ఒక లెక్క కడతాడు. మిగిలితే డ్రైవర్‌కు లాభం, తగ్గితే కోత. చదునైన నాలుగు వరుసల రహదారికి సరిపోయే ఈ లెక్క ఘాట్ రోడ్డు మీద కుదరదు. విశాఖ నుంచి రాయ్‌పుర్ వైపు సాలూరు, కొరాపుట్ కొండల మీదుగా నిండు లోడుతో ఎక్కే ట్రైలర్‌కూ, విజయవాడ మీదుగా హైదరాబాద్ వెళ్లే ట్రైలర్‌కూ ఒకే మైలేజీ పెట్టడమంటే మొదటి డ్రైవర్ జేబులోంచి డీజిల్ కొట్టించడమే. దారిని బట్టి, లోడును బట్టి, ఖాళీగా వచ్చే ప్రయాణాన్ని బట్టి వేర్వేరు మైలేజీలు రాసుకోవడం బేరంలో మొదటి రోజే తేల్చుకోవాల్సిన విషయం.

బత్తా విషయంలో ఇంకో మెలిక ఉంది. అది డ్రైవర్ సంపాదనా, దారి ఖర్చా? తిండి, స్నానం, పార్కింగ్, చిన్నాచితకా మామూళ్లు అన్నీ అందులోంచే పోతాయి. మిగిలింది ఇంటికి పంపుతాడు. కాగితం మీద జీతం తక్కువ, బత్తా ఎక్కువ చూపిస్తే సంస్థకు అనేక విధాల కలిసొస్తుంది. ఓవర్‌టైం, గ్రాట్యుటీ, ప్రమాద పరిహారం వంటివి వేతనం మీద ఆధారపడి లెక్కిస్తారు గనుక, ఖర్చుల పేరుతో ఇచ్చిన సొమ్ము వాటిలోకి రాదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఇక్కడ ఒక హద్దు గీసింది. వేతనం నుంచి మినహాయించే భత్యాలన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే పరిగణించాలి. నెలకు 10 వేల జీతం, 20 వేల బత్తా అని రాసుకున్న ఒప్పందాలను ఈ కొలతతో మళ్లీ చూసుకోవాలి.

పదిహేను నిమిషాల గీత

ఫ్లాట్‌బెడ్ డ్రైవర్‌కు నిరీక్షణ వృత్తిలో భాగం. కర్మాగారం గేటు ముందు వరుస, తూకం దగ్గర వరుస, క్రేన్ కోసం ఎదురుచూపు, సరుకు కాగితాల కోసం ఎదురుచూపు. దింపాల్సిన చోటికి చేరాక గోదాములో జాగా లేదంటారు, లేదా ఆదివారమంటారు. కంటెయినర్‌లో అట్టపెట్టెలను హమాలీలు చేతులతో దించేస్తారు. ఇరవై టన్నుల ఉక్కును క్రేన్ వచ్చేదాకా ఎవరూ కదిలించలేరు.

ఈ గంటలను చట్టం ఎలా చూస్తుంది? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పని గంటలను నిర్వచిస్తూ, కార్మికుడు యజమాని అధీనంలో ఉన్న సమయమంతా పనేనని మొదలుపెట్టింది. బండి నడిచే సమయం, అనుబంధ పనుల సమయం అందులోకి వస్తాయని చెప్పింది. ఆ వెంటనే టెర్మినల్ దగ్గర ఊరికే హాజరుగా ఉండే సమయం పదిహేను నిమిషాల లోపైతే లెక్కలోకి వస్తుందని రాసింది. పావుగంట దాటిన నిరీక్షణ సంగతేమిటి? ఆ డ్రైవర్ ఎక్కడికైనా వెళ్లగలడా, బండిని వదలగలడా, పిలిస్తే వెంటనే కదపాలా అన్నదాన్ని బట్టి వాదించుకోవాల్సిందే. ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా పదిహేను నిమిషాల మాటను అలాగే ఉంచుకుంది. బస్సు డిపోను మనసులో పెట్టుకుని రాసినట్టుండే ఈ వాక్యం, ఉక్కు కర్మాగారం గేటు ముందు రెండు రాత్రులు గడిపే డ్రైవర్‌కు ఏ మాత్రం సరిపోదు.

మిగతా నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. పాత చట్టం కింద రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. దూర ప్రయాణాలకు అనుమతితో 10 గంటలు, వారానికి 54 దాకా. ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి. అదనపు గంటలకు రెట్టింపు వేతనం. ఆచరణ ఎంత దూరంగా ఉందో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన అధ్యయనం చూపించింది. డ్రైవర్లు రోజుకు సగటున 12 గంటల దాకా బండి నడుపుతున్నారని, 84 శాతం మంది ఈ వృత్తిలోకి రమ్మని తమ వారికి చెప్పబోమన్నారని అందులో తేలింది.

కోడ్‌లో మరో మార్పు పెద్దగా చర్చకు రాలేదు. పాత చట్టం ఐదుగురు, అంతకు మించి రవాణా కార్మికులున్న సంస్థలకు వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య పది. నాలుగైదు బండ్ల యజమాని దగ్గర పనిచేసే డ్రైవర్లలో చాలామంది దీంతో పని గంటల రక్షణ పరిధి దాటిపోతారు. వందల బండ్లు తిప్పే పెట్టుబడి సంస్థ మాత్రం ఆ పరిధిలోనే ఉంటుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో అటాచ్‌డ్ బండ్ల దగ్గర తెలుస్తుంది.

ఒక ఊహాలెక్క

విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడం సుమారు 1,250 కిలోమీటర్లు. ఒక సంస్థ జీతమేమీ లేకుండా కిలోమీటరుకు 4 రూపాయలు ఇస్తానంది అనుకుందాం. ఈ రేట్లు కేవలం లెక్క కోసం తీసుకున్నవి. ట్రిప్పుకు 5,000 రూపాయలు వస్తాయి. లోడింగ్, అన్‌లోడింగ్ సాఫీగా జరిగి ట్రిప్పు నాలుగు రోజుల్లో ముగిస్తే 28 రోజుల్లో ఏడు ట్రిప్పులు, అంటే 35,000. గేట్ల దగ్గర ఆగి ఒక్కో ట్రిప్పు ఏడు రోజులు పడితే నాలుగే ట్రిప్పులు, అంటే 20,000. అదే మనిషి, అదే బండి, అవే 28 రోజులు. తేడా 15,000. బండిని ఆపింది అతను కాదు, కానీ ఆగినందుకు అయిన నష్టమంతా అతనిదే.

ఇప్పుడు మరో పద్ధతి. నెలకు 18,000 స్థిర జీతం, కిలోమీటరుకు రూపాయిన్నర. ఏడు ట్రిప్పులు తిరిగితే 31,125 వస్తాయి. నాలుగే అయితే 25,500. తేడా 5,625కు తగ్గింది. దీనికి మూడో అంశం కలపండి: ట్రిప్పుకు అనుకున్న నాలుగు రోజులు దాటి గేటు దగ్గర ఆగిన ప్రతి రోజుకు 500 హాల్టింగ్. నెమ్మది నెలలో నాలుగు ట్రిప్పులకు, మూడేసి రోజుల చొప్పున 12 రోజులు, 6,000 రూపాయలు. మొత్తం 31,500. చురుకైన నెలకూ నీరసమైన నెలకూ డ్రైవర్ ఇంట్లో తేడా దాదాపు మాయమైంది.

డ్రైవర్లు కావాలని ఆగిపోరా అన్నది మేనేజర్ల మామూలు అభ్యంతరం. ఆ భయానికి మందు గేట్ ఎంట్రీ స్లిప్పులోనే ఉంది. హాల్టింగ్ గంటలు లోపలికి రాసిన సమయం నుంచి బయటికి రాసిన సమయం దాకానే లెక్కిస్తే, దారిలో ధాబా దగ్గర పడుకున్న సమయం అందులోకి రాదు. పైగా జీపీఎస్, ఫాస్టాగ్, ఈ-వే బిల్లు కలిసి బండి ఎక్కడ ఎన్ని నిమిషాలుందో చెప్పేస్తున్నాయి. ఆ సమాచారం ఇప్పుడు సంస్థ దగ్గరే ఉంటుంది, వేగం మించితే డ్రైవర్‌ను నిలదీయడానికి పనికొస్తుంది. అదే తెర మీద అతని నిరీక్షణ గంటలు కూడా అతనికి కనిపించాలని అడగడం రేటు పెంచమనడం కంటే తేలిక. ఎక్కువ కాలం నిలిచే లాభం కూడా అందులోనే ఉంది.

బోర్డు వైపు నుంచి చూస్తే

పెట్టుబడిదారు చూసే ప్రధాన సంఖ్య ఒక బండి నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అందులో లోడుతో ఎన్ని అన్నది. బండి వాయిదా, బీమా, పర్మిట్ పన్ను బండి కదిలినా కదలకపోయినా తప్పవు. నడిచే ఖర్చుల్లో పెద్దది డీజిల్. ఈ పట్టికలో కిలోమీటరు లెక్కన ఇచ్చే డ్రైవర్ కూలి ముచ్చటగా కనిపిస్తుంది. బండి ఆగితే ఆ గడిలో సున్నా పడుతుంది.

నిరీక్షణ ఖర్చు మాత్రం సున్నా కాదు. అది వేరే గడుల్లోకి చేరుతుంది. విసిగిన డ్రైవర్ వెళ్లిపోతే బండి యార్డులో నిలబడుతుంది, వాయిదా మాత్రం నడుస్తుంది. కొత్తగా వచ్చినవాడికి ఆ కర్మాగారం పద్ధతి తెలియదు, కాయిల్ కింద చెక్క దిమ్మె ఎక్కడ పెట్టాలో తెలియదు. పోయిన సమయాన్ని రోడ్డు మీద రాబట్టుకోవాలనుకునే డ్రైవర్ సంగతి సరేసరి. అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018లో ఈ విషయాన్ని లెక్కగట్టింది. లోడింగ్, అన్‌లోడింగ్ దగ్గర సగటు నిరీక్షణ పదిహేను నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. నిరీక్షణ వల్ల అక్కడి ట్రక్‌లోడ్ డ్రైవర్ల వార్షిక ఆదాయం 110 నుంచి 130 కోట్ల డాలర్లు తగ్గుతోందని కూడా చెప్పింది. అక్కడ ఫ్లాట్‌బెడ్ డ్రైవర్లకు పట్టా కప్పినందుకు విడిగా, ఆగినందుకు విడిగా చెల్లించే సంస్థలున్నాయి. అయినా పరిస్థితి అది.

హాల్టింగ్‌ను సంస్థ ఖాతాలోకి మార్చడం వల్ల జరిగే అసలు మేలు ఇంకొకటి. సరుకు యజమానితో చేసుకునే రవాణా ఒప్పందాల్లో హాల్టింగ్ చార్జీ నిబంధన సాధారణంగా ఉంటుంది. చిన్న ట్రాన్స్‌పోర్టర్ దాన్ని గట్టిగా అడగడు, అడిగితే తర్వాతి లోడు ఇంకొకరికి పోతుంది. డ్రైవర్‌కు ఎలాగూ ఇవ్వనక్కర్లేనప్పుడు అడగాల్సిన తొందరా లేదు. నెలకు బండికి 6,000 చొప్పున తన జేబులోంచి పోతుంటే వంద బండ్ల సంస్థ ఊరుకోదు. కర్మాగారం గేటు దగ్గరికి వెళ్లి మాట్లాడే శక్తి ఈ గొలుసులో ఎవరికైనా ఉంటే అది పెట్టుబడి ఉన్న సంస్థకే.

డ్రైవర్ సమయాన్ని కేంద్రంగా పెట్టుకున్న ప్రయోగం ఒకటి మన దేశంలో జరిగింది. 2014లో మొదలైన రివిగో, వార్‌బర్గ్ పింకస్ వంటి పెట్టుబడిదారుల డబ్బుతో రిలే పద్ధతి తెచ్చింది. ఒక డ్రైవర్ నాలుగైదు గంటలు నడిపి బండిని మరొకరికి అప్పగించి, తిరుగు బండిలో అదే రోజు ఇంటికి చేరేవాడు. వంద కోట్ల డాలర్ల సంస్థగా పేరు తెచ్చుకున్న రివిగో చివరికి 2022లో తన ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని 225 కోట్ల రూపాయలకు మహీంద్రా లాజిస్టిక్స్‌కు అమ్ముకుంది. డ్రైవర్లను బాగా చూసుకుంటే వ్యాపారం మునుగుతుందని దీన్నుంచి పాఠం తీసేవాళ్లున్నారు. అది తొందరపాటు. రిలే నడవాలంటే రెండు వైపులా నిండుగా, క్రమం తప్పకుండా లోడు కావాలి. ఉక్కు, గ్రానైట్ ఎక్కువగా ఒకవైపే ప్రవహిస్తాయి. విశాఖ నుంచి కడ్డీలు తెచ్చిన ట్రైలర్‌కు హైదరాబాద్‌లో తిరుగు లోడు దొరకడం అదృష్టమే. అందుకే ఫ్లాట్‌బెడ్‌లో రిలే కంటే ఖాళీ కిలోమీటర్ల రేటు, తిరుగు లోడు కోసం ఆగిన రోజుల లెక్క ముఖ్యమవుతాయి. ఖాళీ బండికి సగం రేటే ఇస్తామనే సంస్థలను, లోడు వెతకాల్సిన బాధ్యత ఎవరిదని అడగాలి.

కాగితం మీద ఏముండాలి

ఫ్లాట్‌బెడ్ మీద సరుకు భద్రం డ్రైవర్ చేతుల్లో ఉంటుంది. గొలుసులు, బెల్టులు బిగించడం, కొంత దూరం వెళ్లాక ఆగి మళ్లీ బిగించడం, వానాకాలంలో పట్టా కప్పడం. ఎత్తైన లోడు మీదికి ఎక్కి చేసే ఈ పనికి కిలోమీటరు లెక్క పైసా ఇవ్వదు. దీనికి ట్రిప్పుకు ఇంత అని విడిగా రాసుకోవడం న్యాయం. రెండో మనిషిని ఇస్తారా లేదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. క్లీనర్ అనే ఉద్యోగం చాలా బండ్ల మీదినుంచి చడీచప్పుడు లేకుండా మాయమైపోయింది, ఆ పని మాత్రం డ్రైవర్ దగ్గరే ఉండిపోయింది.

జరిమానాలు మరో తగాదా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు రెండేసి వేలు. బండి అంచులు దాటి సరుకు పొడుచుకొస్తే 20 వేలు. ఎంత ఎక్కించాలో నిర్ణయించేది లోడింగ్ పాయింట్. దారిలో పట్టుబడేది డ్రైవర్. వేతనాల కోడ్ కింద యజమాని విధించే జరిమానా ఆ కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. సరుకు నష్టానికి కోత పెట్టాలంటే ఆ సరుకును అతనికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం అతని నిర్లక్ష్యం వల్లే నేరుగా జరిగి ఉండాలి. అన్ని కోతలూ కలిపి సగం వేతనం మించకూడదు. అడ్వాన్స్ ఇచ్చి, ఆపైన డీజిల్ కోత, టైరు కోత, లేటు కోత వేసి నెలాఖరుకు డ్రైవర్‌నే బాకీదారుగా తేల్చే అలవాటు ఈ నిబంధనల ముందు నిలవదు.

ప్రమాదం జరిగితే ఏమిటన్నది ఎవరూ ముందు మాట్లాడుకోరు. 2024 జనవరి మొదటి రెండు రోజుల్లో లారీలు ఆగి, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన సంగతి గుర్తుండే ఉంటుంది. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా శిక్ష వేసే భారతీయ న్యాయ సంహిత 106(2)పై పుట్టిన ఆగ్రహం అది. ఆ ఏడాది జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. కేసు భయం మాత్రం అలాగే ఉంది. బెయిలు, వకీలు ఖర్చు ఎవరిది, బండి పోలీసు స్టేషన్‌లో ఉన్నన్ని రోజులు జీతం ఉంటుందా అన్నవి వేతన ఒప్పందంలో భాగమే.

ఇక పెట్టుబడి సంస్థల ప్రత్యేక జబ్బు: మొదట ఆకర్షణీయమైన ప్రోత్సాహకాలు, డ్రైవర్లు చేరాక యాప్‌లో ఒక సందేశంతో మార్పు. క్యాబ్ డ్రైవర్లు ఈ అనుభవంతోనే 2017లో ఢిల్లీలో సమ్మెకు దిగారు. డ్రైవర్ ఉద్యోగి అయితే పారిశ్రామిక సంబంధాల కోడ్ అతనికి ఒక ఆయుధం ఇస్తుంది. వేతనాలు, భత్యాలు, పని గంటల్లో ప్రతికూల మార్పు చేయాలంటే యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సంస్థలో అనేక సంఘాలుంటే, 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘాన్ని ఏకైక బేరసార సంఘంగా గుర్తించాలి. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం మద్దతున్న సంఘాల ప్రతినిధులతో ఒక మండలి ఏర్పడుతుంది. డ్రైవర్లు ఎప్పుడూ ఒక చోట ఉండరన్నది నిజమే. ఒకే కర్మాగారం గేటు దగ్గర ఇరవై మంది రెండు రోజులు కలిసి కూర్చునేదీ వాళ్లే.

వీటన్నిటికీ ముందు తేలాల్సింది అతను ఎవరి ఉద్యోగి అన్నది. సరుకునూ లారీనీ కలిపే బ్లాక్‌బక్ తరహా వేదికలకు డ్రైవర్ ఉద్యోగి కాడు. సామాజిక భద్రత కోడ్ లాజిస్టిక్స్ సేవలను అగ్రిగేటర్ల జాబితాలో చేర్చి, వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలంది. అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించదు. ఇది బీమాకు, పింఛనుకు పనికొస్తుంది గానీ హాల్టింగ్‌కు కాదు. ట్రైలర్లు కొన్న సంస్థ కూడా లోడు పెరిగినప్పుడు చిన్న యజమానుల బండ్లను అటాచ్ చేసుకుంటుంది. అదే రంగు, అదే యాప్, అదే గేటు వరుస. సొంత బండి డ్రైవర్‌కు కోడ్ వర్తిస్తుంది. వెనకే నిలబడ్డ అటాచ్‌డ్ బండి డ్రైవర్ యజమానికి పది మంది కార్మికులు లేకపోతే వర్తించదు. హాల్టింగ్ సొమ్ము అటాచ్‌డ్ బండి యజమాని దాకా వచ్చి ఆగిపోకుండా, అందులో డ్రైవర్ వాటా ఎంతో కిరాయి ఒప్పందంలోనే రాసి నేరుగా అతని ఖాతాలో వేయించగలిగేది సంస్థే. సొంత డ్రైవర్ల సంఘం దీన్ని తన కోరికల్లో చేర్చుకోకపోతే, సంస్థ తర్వాతి ఏడాది కొత్త ట్రైలర్లు కొనడం మానేసి అటాచ్‌డ్ బండ్లనే పెంచుకుంటుంది.